గడ్డమాయన, మా అత్తయ్యగారి రాహుకాలం

నాకు అనుమానం ఎక్కువని పుట్టింట్లో అందరూ తిట్టేవాళ్ళు. ఇప్పుడు ఆ అనుమానానికే నెలనెలా జీతం ఇస్తున్నారు. సింగపూర్‌లో తంజోంగ్ పగార్ అనే చోట ఒక పెద్ద భవనం, అందులో ఏసీ చలికి అందరం స్వెటర్లు వేసుకుని కూర్చునే ఆఫీసు, నా బల్ల మీద రెండు తెరలు. ఎవరు ఏం కొంటున్నారు, ఎందుకు కొంటున్నారు, అందరికన్నా ముందు వీడికెలా తెలిసింది అని రోజంతా జనాన్ని అనుమానించడమే నా పని.

వాళ్ళు కొనేవి షేర్లు కావు. జరగబోయే సంగతులు. ఎన్నికల్లో ఎవరు గెలుస్తారు, ఫలానా బహుమతి ఎవరికి వస్తుంది, ఇలాంటివి. అనుకున్నది జరిగితే చేతికి ఒక డాలరు, జరక్కపోతే గుండుసున్నా. అది ఇవాళ ముప్పై సెంట్లు పలుకుతోందంటే నూటికి ముప్పై వంతులు జరుగుతుందని జనం నమ్ముతున్నారన్నమాట. అంచనాల మార్కెట్ అంటారు. సైటు నడిచేది అమెరికాలో. వాళ్ళ రాత్రి మనకి పొద్దున కాబట్టి, ఆ వేళ కాపలా కాసే పని మా ఆఫీసుకి ఇచ్చారు.

ఆ సంవత్సరం నా వంతుకి ఐస్ హాకీ వచ్చింది. మంచుగడ్డ మీద కర్రలతో ఆడే ఆట. గోలు ముందు ఒంటినిండా పరుపులు చుట్టుకున్నట్టు ఒకడు నిలబడి ఉంటాడు, వాణ్ణి గోలీ అంటారు. సీజన్ అయ్యాక ఓట్లేసి ఉత్తమ గోలీకి ఒక అవార్డు ఇస్తారు. అది ఎవరికొస్తుందన్న దాని మీద జనం కొంటూ అమ్ముతూ ఉంటారు. ఫ్రిజ్‌లో తప్ప మంచుగడ్డ ఎరగని ఇంట్లో పుట్టిన నేను, ఈ ఉక్కపోత ఊళ్ళో కూర్చుని, ఎక్కడో మంచు మీద నిలబడ్డ మగాళ్ళ మీద ఎవరెవరు ఆశ పెట్టుకున్నారో కనిపెడుతుండేదాన్ని. ఏం చేస్తాం, పొట్టకూటి విద్య!

ఈ ఉద్యోగంలో చేరినరోజే రెండు విషయాలు గట్టిగా చెప్పారు. మేము గానీ మా కుటుంబంలోవాళ్ళు గానీ ఆ సైటులో వేలు పెట్టకూడదు. తెర మీద చూసింది బయట ఒక్క మాట చెప్పకూడదు. తప్పితే ఉద్యోగం పోతుంది. మామూలు రోజుల్లో అయితే పోతే పోయింది, ఇంకోటి చూసుకుందాం అనుకునేదాన్నేమో. కానీ అప్పటికే మా ఆయన ఐటీ కాంట్రాక్టు అయిపోయి ఇంట్లో ఉన్నారు. ఈ దేశంలో ఉండనిచ్చే ఆయన పాసు, పాప పాసు, రెండూ నా ఉద్యోగాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి. అది తెగిందా, బిషాన్‌లో ఈ అద్దె ఫ్లాటు ఖాళీ చేసి, పాపని బడి మాన్పించి, పెట్టెలు సర్దుకోవడమే.

అలాంటి రోజుల్లో మా అత్తయ్యగారు వచ్చారు. రాజమండ్రి ఎండలకి తట్టుకోలేక ఏటా మార్చి దాటుతుండగా మా దగ్గరికి వస్తారు, వీసా ఉన్నన్నాళ్ళు ఉండి వెళతారు. ఇల్లు అప్పటికే నోరు మూసుకుని ఉంది. మా ఆయన ముభావంగా ఉండేవారు. పాప తన గదిలో తనుండేది. ఏమడిగినా ఈ ఊరి ఇంగ్లీషులో "నథింగ్ లా, అమ్మా" అనేది. అన్నాల దగ్గర చెంచాల చప్పుడు తప్ప వినపడేది కాదు. మొదటివారంలోనే ఒక సాయంత్రం అత్తయ్య నా కంచంలో వంకాయ కూర వడ్డిస్తూ అడిగారు.

"ఏమ్మా, పొద్దున్నే వెళ్ళి అంతసేపు ఏంజేస్తావు అక్కడ? లెక్కలా?"

పెళ్ళయి ఇన్నేళ్ళలో నా ఉద్యోగం గురించి ఆ ఇంట్లో ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. జీతం ఎంత, సెలవు ఎప్పుడు, ఇవే ప్రశ్నలు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని, చెప్పు చెప్పు అన్నట్టు కూర్చునేసరికి నేను తినడం ఆపేశాను. నిజం చెప్పాలంటే ఆ పూట మా అమ్మ గుర్తొచ్చింది. గోలీ అంటే ఎవరో, అవార్డు ఏమిటో, దాని మీద జనం ఎలా ఎగబడుతున్నారో అంతా చెప్పాను. పేర్లు చెప్పలేదు, ఆ మాత్రం భయం ఉంది. గడ్డం ఉన్నాయన, పొడుగాయన, ముసలాయన అని చెప్పాను. తెలుగులో, వంకాయ కూర ముందు, కబడ్డీకీ హాకీకీ తేడా తెలియని మనిషికి చెబితే ఏమవుతుందిలే అనుకున్నాను.

ఆ తర్వాత రోజూ అదే వరస. నేను చెప్పులు విప్పుతుండగానే వంటింట్లోంచి కేక వచ్చేది.

"ఏమ్మా, ఇవాళ మీ గడ్డమాయన ఎలా ఉన్నాడు?"

"ఇవాళ ఎవరో బాగా ఎరిగినవాళ్ళు ఆయన్ని కొంటున్నారు అత్తయ్యా. ఆ కొనే తీరు చూస్తే ఓట్లేసేవాళ్ళ దగ్గర్నించి ఏదో కబురు వచ్చినట్టే ఉంది."

"అబ్బో! దొంగలు ఎక్కడైనా దొంగలే," అని నవ్వేవారు. నాకు ఆ నవ్వు కోసం ట్రైన్‌లో నిలబడి కూడా కబుర్లు పోగేసుకోవడం అలవాటైపోయింది.

ఆవిడకి ఉన్న ఒకే ఒక్క పట్టుదల రాహుకాలం. ఆ వేళలో కొత్త పని ఏదీ మొదలుపెట్టనివ్వరు, పాప బడి ఫీజు కట్టడమైనా సరే. అది కూడా వాళ్ళ ఊరి లెక్కే. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు, శనివారం తొమ్మిది నుంచి పదిన్నర. గుళ్ళో పూజారిగారు ఎంతో మర్యాదగా చెప్పారు, "అమ్మా, ఇక్కడ పొద్దు పొడిచేది ఏడింటికి, మీరు ఇంచుమించు గంట కలుపుకుని చూసుకోవాలి" అని. ఆవిడ ససేమిరా అన్నారు.

"ఏడున్నర అంటే ఎక్కడైనా ఏడున్నరేనండి. ఊరు మారితే గడియారం మారుతుంది గానీ రాహువు మారతాడా?"

పూజారిగారు దండం పెట్టి ఊరుకున్నారు. ఇంటికొచ్చేదాకా మా ఆయన ఒకటే నవ్వు. చాలా రోజులకి ఆయన నవ్వడం చూసి నేనూ నవ్వాను.

ఏప్రిల్ మధ్యలో మా మేనేజర్ నా కుర్చీ వెనక వచ్చి నిలబడింది. ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ ఆవిడ, మాట తక్కువ, చూపు ఎక్కువ. నా తెర మీద ఒక అకౌంటు నంబరు మీద వేలు పెట్టింది.

"దిస్ వన్ వెరీ ఫన్నీ లా. యూ లుక్ ప్రాపర్లీ."

చూశాను. చూసేకొద్దీ నాకూ తేడా కనపడింది. గడ్డమాయన్ని ఎవరో లోగుట్టు తెలిసినవాళ్ళు కొన్న ప్రతిసారీ, మర్నాడు పొద్దున ఈ అకౌంటు వెనకాలే వచ్చి కొంటోంది. వాళ్ళు ఆగితే ఇదీ ఆగుతోంది. ఆ తెలిసినవాళ్ళు చిన్నచిన్న ముక్కలుగా, వేరువేరు పేర్ల మీద, ఎవరికీ కనపడకుండా కొంటున్నారు. మాలాగా లోపల కూర్చుని చూసేవాళ్ళకి తప్ప ఆ కదలిక బయటివాళ్ళకి తెలిసే వీల్లేదు. అంటే ఈ అకౌంటువాడికి మా ఆఫీసులోంచి కబురు వెళుతోందన్నమాట. ఎవరు? పక్క బల్లవాడా? కాఫీ దగ్గర ఊరికే పలకరించే ఆ పొట్టిమనిషా? ఆ రోజునుంచి అందరి మొహాలూ దొంగమొహాలే నాకు.

ఇంకో వింత కూడా ఉంది. ఆట మాంచి రసపట్టులో ఉండగా, అందరూ ఎగబడి కొనే వేళ, ఈ అకౌంటు ఉన్నట్టుండి మాయమైపోయేది. గంటన్నర తర్వాత మళ్ళీ వచ్చేది. ఒక్కో రోజు ఒక్కో వేళ. మేనేజర్ అంది, లోపలివాడు ఎవరో షిఫ్టులో కూర్చున్నప్పుడు కబురు ఆగుతోందేమో అని. వచ్చే శుక్రవారానికల్లా దీని మీద వివరంగా రాసి పంపమంది. అది పంపాక వేరే విభాగంవాళ్ళు ఆ నంబరు వెనక పేరు తెరుస్తారు. మాకు పేరు, ఊరు ఏవీ కనపడవు.

అమెరికా గడియారంలో పెట్టి చూస్తే ఆ ఖాళీలకి అర్థమే కనపడలేదు. విసుగొచ్చి మా సింగపూర్ గడియారంలోకి మార్చాను. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు. శనివారం తొమ్మిది నుంచి పదిన్నర.

ఓరి దేవుడా, రాహుకాలం!

పక్కవాళ్ళకి వినపడేలా అన్నట్టున్నాను, ఇద్దరు తలెత్తి చూశారు. నీళ్ళ సీసా తీసుకుని లేచిపోయాను. ఫోన్‌లో చూసుకునేవాళ్ళకి ఈ ఊరి రాహుకాలం గంట తర్వాత వస్తుంది. ఇది గంట కలపనివాళ్ళ లెక్క. సింగపూర్ గడియారం, రాజమండ్రి లెక్క. నేను ఆఫీసు సంగతులు మాట్లాడే ఇల్లు ఒక్కటే. ఆ ఇంట్లో పొద్దుటిపూట ఖాళీగా, లాప్‌టాప్ ముందు కూర్చునే మనిషి ఒక్కరే. ఇక్కణ్ణించి ఆ సైటు తెరుచుకోదు, కానీ దొంగదారులు తెలియని ఐటీ మనిషి ఎవరుంటారు? వాళ్ళమ్మ మాట జవదాటరు కూడా.

ఆ వారం రోజులూ నేను మా ఆయన్ని దొంగని చూసినట్టు చూశాను. ఆయన స్నానానికి వెళితే ఫోన్ తిప్పి చూశాను. తాళం మార్చారు. ఎందుకు మార్చారు? పొద్దున్నే నేను బయల్దేరిన పావుగంటకి ఆయన ఫోన్ పట్టుకుని కిందికి వెళుతున్నారని పాప చెప్పింది. ఎందుకు వెళుతున్నారు? అన్నాల దగ్గర కావాలని అడిగాను.

"ఏవండీ, గోలీకి అవార్డు ఎప్పుడిస్తారో తెలుసా?"

"నాకేం తెలుసు? నువ్వు చెప్పేదేగా," అన్నారు తలెత్తకుండా. తలెత్తలేదంటే తెలిసే ఉంటుంది అనుకున్నాను. తలెత్తి ఉంటే నటిస్తున్నారు అనుకునేదాన్ని.

గురువారం సెలవు పెట్టి, ఆఫీసుకని బయల్దేరి, పక్క బ్లాకు కింద స్తంభం చాటున నిలబడ్డాను. సిగ్గు లేదా అంటే లేదు, ఆ వేళకి లేదు. ఆయన దిగారు. మా బ్లాకు కింద రాతిబల్ల దగ్గర కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఫోన్ ఎదురుగా నిలబెట్టి మాట్లాడుతున్నారు. వెనకనుంచి వెళ్ళాను. తెర మీద ఆయన మొహమే కనిపించింది. తన గురించి తను ఇంగ్లీషులో చెప్పుకుంటున్నారు. పాత ఉద్యోగం ఎందుకు పోయిందన్న దగ్గరికి వచ్చేసరికి తడబడి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టారు. ఇంటర్వ్యూకి అభ్యాసం. అమ్మ ముందు చేసుకోవడానికి నామోషీ వేసి కిందికి వస్తున్నారు. ఫోన్‌కి కొత్త తాళం కూడా అందుకే.

నన్ను చూసి ఉలిక్కిపడ్డారు. నేను దాచుకోలేక అంతా కక్కేశాను.

"నన్నా?" అన్నారు. "నీ ఉద్యోగం పోతే మనం రోడ్డున పడతామని తెలిసీ, నేను ఆ పని చేస్తాననుకున్నావా?"

ఆయన లేచి, చెవుల్లోవి తీసి జేబులో పెట్టుకుని, లిఫ్ట్ వైపు వెళ్ళిపోయారు. నాకు ఏడుపొచ్చింది. అంత ఏడుపులోనూ, మరి ఎవరు అనే ప్రశ్న మాత్రం వదల్లేదు.

మర్నాడు శుక్రవారం. నేను ఇంటినుంచే పని చేసే రోజు, రాసి పంపాల్సిన రోజు కూడా. పడగ్గదిలో తలుపు దగ్గరగా వేసుకుని రాస్తున్నాను. హాల్లో అత్తయ్య కూతురితో వీడియోలో మాట్లాడుతున్నారు. మా ఆడపడుచు, ఆమె భర్త టొరొంటోలో ఉంటారు. రోజూ మన పొద్దున, వాళ్ళ రాత్రి, ఈ మాటలు మామూలే. పనసకాయ, మోకాళ్ళ నొప్పి, పిల్లాడి దగ్గు. ఈ చెవితో విని ఆ చెవితో వదిలేస్తున్నాను.

"పదిన్నర దాటిందే ఇక్కడ," అంటున్నారు అత్తయ్య. "ఇప్పుడు వద్దు. పన్నెండు దాటాక చెయ్యమను అల్లుడుగారిని."

అటునుంచి ఏదో అడిగింది.

"గడ్డమాయన గురించా? రాత్రి ఏమీ చెప్పలేదే అమ్మాయి. నిన్నట్నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఇవాళ అడిగి చెబుతాలే."

నా చేతులు కీబోర్డు మీద అలాగే ఉండిపోయాయి. మా ఆడపడుచు భర్త ఐస్ హాకీ పిచ్చోడు. ఇంట్లో గోడకి కర్ర తగిలించుకున్న మనిషి. ఆయనకి పేరెందుకు? గడ్డమాయన అంటే ఎవరో, పొడుగాయన అంటే ఎవరో చిటికెలో పోల్చుకోగలడు. కబురు లోపలినుంచే వెళుతోందని సరిగ్గానే కనిపెట్టాను. వారం రోజులు ఆఫీసంతా వెతికాను, కట్టుకున్నవాణ్ణి వెంటాడాను. ఆ లోపలిమనిషిని నేనే!

తలుపు తీసుకుని వచ్చి నిలబడ్డాను. అత్తయ్య నా మొహం చూసి ఫోన్ బోర్లా పెట్టేశారు.

"వాళ్ళు ఏం కొంటున్నారు అత్తయ్యా?"

"ఏవో షేర్లటమ్మా. నాకేం తెలుసు? మంచి టైము అడుగుతారు, చెబుతాను."

"గడ్డమాయన షేర్లా?"

ఆవిడ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నారు. "ఇంట్లో మాట ఇంటి ఆడపిల్లకి చెప్పడం కూడా తప్పేనా? మన వాళ్ళకి నాలుగు డబ్బులొస్తే నీకేం నష్టం? నీ చేతిలోది ఏం పోయింది?"

"నా ఉద్యోగం పోతుంది. మీ అబ్బాయి పాసు పోతుంది. మీ మనవరాలి బడి పోతుంది. నాకేం నష్టమంటారేంటి?"

ఆ మాట ఆవిడకి నిజంగా తెలియదని ఆ కళ్ళలో కనపడింది. అక్కడితో ఆగి ఉండాల్సింది నేను. ఆగలేకపోయాను.

"రోజూ నన్ను అడిగేవారు చూడండి, ఇవాళ మీ గడ్డమాయన ఎలా ఉన్నాడని. ఇందుకేనా?"

ఆవిడ వేలికి చుట్టిన కొంగు విప్పుతూ అన్నారు. "మొదట్లో ఊరికే అడిగానమ్మా."

మొదట్లో. ఎప్పటిదాకా మొదట్లో? వంకాయ కూర రోజు ఊరికేనా? పొడుగాయన కిందపడ్డ సంగతి చెబితే పొట్ట పట్టుకుని నవ్వింది ఊరికేనా? అడగాలని నోటిదాకా వచ్చింది. ఏం చెప్పినా నమ్మనని తెలిసి అడగలేదు.

గదిలోకి వెళ్ళి మొదటినుంచి రాశాను. ఆ అకౌంటు మా బంధువులది అయి ఉండవచ్చని, కబురు నా నోటినుంచే మా భోజనాల బల్ల మీదుగా వెళ్ళిందని, ఆ ఖాళీలు రాహుకాలమని. రాహుకాలమంటే ఏమిటో మా మేనేజర్‌కి అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పడానికే ఎక్కువసేపు పట్టింది. మా ఆయన వచ్చి నా భుజం మీదుగా చదివారు. పంపు అన్నారు. నిన్నటినుంచి నాతో అన్న మొదటి మాట అదే.

అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"పంపితే పంపమ్మా, నేను వద్దనను. పన్నెండు దాటనివ్వు. రాహుకాలం నడుస్తోంది. నీ మంచికే చెబుతున్నాను."

ఆవిడ గొంతులో భయం నిజంగా నా కోసమే. ఆ ఒక్కటి నమ్మాను. నమ్మి కూడా, అప్పుడే పంపేశాను.

తర్వాత నన్ను గదిలో కూర్చోబెట్టి చాలా అడిగారు. టొరొంటో అకౌంటు ఆపేశారు. నన్ను ఆ నిఘా పనినుంచి తీసేసి, సెంబవాంగ్ వైపు ఉన్న ఇంకో ఆఫీసులో పాత కాగితాలు సరిచూసే పనికి వేశారు. జీతం తగ్గింది, పాసు మిగిలింది. నేను అక్కణ్ణించి వెళ్ళేరోజు మా మేనేజర్ ఒక్క మాటంది, "లక్కీ యూ టోల్డ్ ఫస్ట్." అవార్డు గడ్డమాయనకే వచ్చింది. మా ఆడపడుచు ఆ రోజునుంచి నాతో మాట్లాడలేదు. మా ఆయనకి ఉద్యోగం దొరికింది. రాతిబల్ల దగ్గర చేసిన అభ్యాసం పనికొచ్చింది గానీ, ఫోన్ తాళం మార్చినప్పుడల్లా ఇప్పుడు నాకు చెప్పి మారుస్తారు. అది నాకు కత్తిపోటులా ఉంటుంది.

ఈ ఎండాకాలం అత్తయ్య మళ్ళీ వచ్చారు. వస్తారనుకోలేదు. మొదటి సాయంత్రం నేను చెప్పులు విప్పుతుంటే వంటింట్లోంచి కేక రాలేదు. అన్నాల దగ్గర వంకాయ కూర వడ్డించి, కాసేపు చెయ్యి కంచం మీదే ఉంచి, మెల్లిగా అడిగారు.

"కొత్త ఆఫీసు బాగుందామ్మా? ఏంజేస్తావు అక్కడ?"

చెప్పడానికి బోలెడుంది. ఆ పూట ఒక పాత కాగితంలో భలే నవ్వొచ్చే సంగతి కనపడింది, ట్రైన్‌లో తలుచుకుని నాలో నేనే నవ్వుకుంటూ వచ్చాను కూడా. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు, అచ్చం ఆ మొదటి రోజులాగే. నేను నోరు తెరిచాను. తెరిచి, ఆవిడ ఫోన్ ఎక్కడుందో చూశాను.